మతము మారిన దినము, మనస్సు మారిన దినము: పండిత రమాబాయి జీవితము

సమరయ పట్టణములో గారడీ చేయుచు జనులను విభ్రాంతిపరచుచుండిన సీమోను అను నతడు ఫిలిప్పు ప్రకటించిన సువార్తను నమ్మి బాప్తిస్మము పొందెను. బాప్తిస్మము పొందిన తరువాత అతడు ఫిలిప్పును విడువక వెంబడించెను. సంఘములోని వారెవరును అతనిని శంకించినట్లు కనబడదు. అయినను అపొస్తలులు యెరూషలేము నుండి వచ్చి చూచినప్పుడు అతని హృదయము దేవుని యెదుట సరిగా లేదని బయలుపడెను (అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయము). సంఘపు పట్టీలో పేరు వ్రాయబడుట వేరు, హృదయము మార్పు నొందుట వేరు అని ఆదిమ సంఘ చరిత్రయే మనకు నేర్పుచున్నది.

సీమోను ధనాపేక్షగలవాడు, అతని కొరత సులభముగా తెలిసిపోయెను. అయితే మరియొక విధమైన కొరత కలదు. అది కపటము లేనివారిలోను, విద్యావంతులలోను, పరోపకారులలోను ఉండవచ్చును. వారు నిజాయితీతోనే బాప్తిస్మము పొందుదురు, కష్టపడి దేవుని పని చేయుదురు, లోకముచేత మెప్పు పొందుదురు; కాని లోపల సమాధానము ఉండదు. అట్టి కొరతను తనలో తానే కనుగొని, దానిని దాచక ఒప్పుకొని, క్రీస్తు ప్రభువునందు విశ్రాంతి పొందిన ఒక భారత స్త్రీ జీవితము ఇక్కడ వివరింపబడుచున్నది. ఆమె పండిత రమాబాయి.

అడవిలో జన్మించిన పండితురాలు

రమాబాయి 1858వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన పడమటి కనుమలలోని గంగామూల అను అరణ్య ప్రదేశమున జన్మించెను. ఆ స్థలము నేటి కర్ణాటక రాష్ట్రములో నున్నది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు, గొప్ప సంస్కృత పండితుడు. ఆయన యౌవనమందు తన గురువు నొద్ద పీష్వా భార్య సంస్కృతము నేర్చుకొనుట చూచి, స్త్రీలకును విద్య తగునని నిశ్చయించుకొనెను. తన భార్యయైన లక్ష్మీబాయికి సంస్కృతము నేర్పినందున బంధువుల కోపమునకు గురియై, పండితుల సభలో సమాధానము చెప్పుకొనవలసి వచ్చెను. ఊరివారి వ్యతిరేకతకు తాళలేక అడవిలో ఇల్లు కట్టుకొని విద్యార్థులకు చదువు చెప్పెను.

రమాబాయికి ఆరు నెలలు నిండకమునుపే ఆ కుటుంబము ఆ ఇల్లు విడిచి యాత్రలకు బయలుదేరెను. ఒక పుణ్యక్షేత్రము నుండి మరియొక పుణ్యక్షేత్రమునకు నడచుచు, గుడి మండపములలోను నదీ తీరములలోను పురాణములు చదివి వినిపించుచు వారు జీవించిరి. వేకువ జామున తల్లి తన కుమార్తెను మేల్కొలిపి శ్లోకములు వల్లె వేయించెడిది. ఈ విధముగా ఏ బడికి వెళ్లకయే రమాబాయి బాల్యమందే వేలకొలది శ్లోకములను కంఠస్థము చేసెను. పెద్ద కుమార్తెకు బాల్యమున చేసిన వివాహము దుఃఖకరముగా ముగిసినందున, తండ్రి రమాబాయికి చిన్నతనమున వివాహము చేయ నిరాకరించెను. ఆ కాలమున అది సామాన్యమైన ధైర్యము కాదు.

తిరుపతి కొండలలో కరవు దినములు

అనంతశాస్త్రి తన ఆస్తిని తీర్థయాత్రలకును దానధర్మములకును వెచ్చించెను. డబ్బు అయిపోయిన తరువాత నగలు, వస్త్రములు, చివరకు ఇత్తడి పాత్రలు సైతము అమ్ముడుపోయెను. 1870 దశకములో మద్రాసు రాజధానిలో కరవు వచ్చినప్పుడు ఆ కుటుంబము దక్షిణ దేశములోనే సంచరించుచుండెను. భిక్షమెత్తుటకు గాని కూలి చేయుటకు గాని వారి కులమర్యాద అంగీకరింపలేదు. నేటి ఆంధ్రప్రదేశ్‌లోని తిరుపతి చుట్టునున్న అడవులలో వారు ఆకులు తిని, నీరు త్రాగి దినములు గడిపిరి. వృద్ధుడును అంధుడునైన తండ్రి, ఇక ఎవరికిని భారము కాకుండ పుణ్యతీర్థములో ప్రాణము విడువవలెనని తలంచెను. బిడ్డల ప్రేమ ఆయనను ఆపెను. ఆయన తన చిన్న కుమార్తెను కౌగిలించుకొని, ఆమెను దేవుని చేతికి అప్పగించితిననియు, ఆమె జీవితకాలమంతయు ఆ దేవునికే చెంది ఆయననే సేవింపవలెననియు బోధించెను. ఆ మాటలు రమాబాయి మరణపర్యంతము మరువలేదు.

1874లో తండ్రి చనిపోయెను. అటుపిమ్మట కొద్ది కాలములోనే తల్లియు, అక్కయు కన్నుమూసిరి. మిగిలినవారు రమాబాయి, ఆమె అన్న శ్రీనివాసుడు. ఇద్దరును చెప్పులు లేని కాళ్లతో దేశమంతయు సంచరించిరి. పంజాబునందు చలి బాధకు ఓర్వలేక, ఝీలం నది యొడ్డున సమాధుల వంటి గుంటలు త్రవ్వుకొని, ఎండిన ఇసుక కప్పుకొని ఆ రాత్రులు గడపిరి. శాస్త్రములు చెప్పిన వ్రతములన్నియు ఆచరించిరి, తీర్థములన్నిటిలో స్నానము చేసిరి. ఇంత చేసినను హృదయమునకు కావలసినది దొరకలేదు. క్రమక్రమముగా వారి నమ్మకము సడలిపోయెను.

కలకత్తాలో కీర్తి, హృదయములో ప్రశ్నలు

1878లో అన్నాచెల్లెండ్రు కలకత్తా చేరిరి. ఇరువది సంవత్సరముల యువతి సంస్కృతములో అనర్గళముగా ప్రసంగించుట చూచి అచ్చటి విద్వాంసులు ఆశ్చర్యపడి ఆమెకు పండిత అనియు సరస్వతి అనియు బిరుదులిచ్చిరి. ఆ నగరమునందే ఆమె మొదటిసారి ఒక క్రైస్తవ కూటమును చూచెను. అచ్చటివారు కుర్చీల యెదుట మోకాళ్లూని కన్నులు మూసికొనుట చూచి, వీరు కుర్చీలనే పూజించుచున్నారు కాబోలునని తలంచెను. ఆమెకు సంస్కృత బైబిలు ప్రతి ఇయ్యబడెను. కాని దాని భాష ఆమెకు రుచింపలేదు, దానిని ప్రక్కన పెట్టెను.

బ్రహ్మసమాజ నాయకుడైన కేశవచంద్ర సేన్ ఆమెకు వేద గ్రంథమిచ్చి చదువుమని ప్రోత్సహించెను. ఆమె ధర్మశాస్త్రములను కూడ శ్రద్ధగా పరిశీలించెను. అనేక విషయములలో ఆ గ్రంథములు ఒకదానితో నొకటి ఏకీభవింపకున్నను, స్త్రీని హీనురాలినిగా ఎంచుటయందు అవి ఒక్కటియే అని ఆమెకు తోచెను. తనవంటి స్త్రీకి దేవుని సన్నిధిలో స్థలమున్నదా అను ప్రశ్న ఆమె హృదయములో బాణమువలె నాటుకొనెను.

1880లో అన్న మరణించెను. అదే సంవత్సరమున ఆమె వేరొక కులమునకు చెందిన బిపిన్ బిహారీ మేధావి అను బెంగాలీ న్యాయవాదిని పౌర చట్టము ప్రకారము వివాహమాడెను. అస్సాములోని సిల్చారులో వారు కాపురముండిరి. అచ్చట భర్త గ్రంథాలయములో ఆమెకు బెంగాలీ భాషలోని లూకా సువార్త దొరికెను. ఆ ప్రాంతమునకు వచ్చుచుండిన బాప్తిస్టు మిషనరీ యొకడు ఆదికాండములోని సృష్టి వృత్తాంతమును వివరింపగా ఆమె ఆసక్తితో వినెను. భర్త మిషను పాఠశాలలో చదివినవాడైనను, భార్య క్రైస్తవురాలగుట ఆయనకు ఇష్టము లేదు. వారికి మనోరమ అను కుమార్తె కలిగెను. వివాహమై రెండేండ్లు నిండకమునుపే, 1882 ఫిబ్రవరిలో, కలరా వ్యాధిచేత భర్త మరణించెను. ఇరువది మూడేండ్ల విధవ, చేతిలో పసిబిడ్డ. రమాబాయి పూనాకు తిరిగి వచ్చెను.

పూనాలో ఆమె స్త్రీల అభ్యున్నతికై ఆర్య మహిళా సమాజమును స్థాపించెను. విద్యా విషయమై ప్రభుత్వము నియమించిన హంటర్ కమిషన్ యెదుట సాక్ష్యమిచ్చి, స్త్రీలకు ఉపాధ్యాయినులును వైద్యురాండ్రును కావలెనని కోరెను. అదే కాలమున ఒక మిషనరీ స్త్రీ ఆమెకు మరాఠీ క్రొత్త నిబంధన బోధించుచుండెను. బ్రాహ్మణ కుటుంబమునుండి క్రీస్తునందు విశ్వాసముంచిన నెహెమ్యా గోరె అను పండితుడును ఆమె సందేహములకు ఓపికతో ఉత్తరమిచ్చెను.

ఇంగ్లండులో బాప్తిస్మము

వైద్యవిద్య నేర్చుకొనవలెనను ఉద్దేశముతో 1883లో రమాబాయి ఇంగ్లండు వెళ్లి, వాంటేజ్ పట్టణములోని ఆంగ్లికన్ సహోదరీల మఠములో అతిథిగా ఉండెను. చెవుడు ముదురుచున్నందున వైద్యవిద్య సాధ్యము కాలేదు. అయితే అక్కడ ఆమె కన్నులు వేరొక విషయమును చూచెను. లండనులోని ఫుల్హాం అను చోట ఆ సహోదరీలు, లోకము ఛీ కొట్టిన పతిత స్త్రీలను చేరదీసి, ప్రేమతో కాపాడి, గౌరవమైన జీవితమునకు నడిపించుచుండిరి. తాను ఎరిగిన సమాజములో అట్టి స్త్రీలకు శిక్ష తప్ప కనికరము దొరకుట ఆమె చూచి యుండలేదు. ఈ కనికరమునకు మూలమేమని అడుగగా, ఒక సహోదరి యోహాను సువార్త 4వ అధ్యాయము తెరచి, యాకోబు బావి యొద్ద ప్రభువు సమరయ స్త్రీతో మాటలాడిన సంగతి చదివి వినిపించెను. స్త్రీని, అందులోను పాపియైన స్త్రీని, త్రోసివేయక జీవజలము నిచ్చువాడు ఒకడున్నాడని రమాబాయి గ్రహించెను. 1883 సెప్టెంబరు 29వ తేదీన ఆమెయు ఆమె కుమార్తెయు వాంటేజ్‌లో బాప్తిస్మము పొందిరి.

ఇది వేషధారణ కాదు. ధనము కొరకు గాని ఆశ్రయము కొరకు గాని ఆమె మతము మారలేదు. స్వదేశములోని మిత్రులు ఆగ్రహింతురని ఎరిగియు ఆమె ఈ అడుగు వేసెను. క్రీస్తు బోధ ఉత్తమమైనదని బుద్ధితో నమ్మెను. క్రైస్తవుల కనికరమును చూచి హృదయము కరిగెను. మన సంఘములలో నేడు ఎవరైనను ఇట్టి సాక్ష్యముతో బాప్తిస్మము కోరినయెడల, ఏ పాదిరియు సందేహింపడు. అయినను రమాబాయి తరువాతి కాలమున వెనుదిరిగి చూచి, ఆ దినమున తాను క్రైస్తవ మతమును కనుగొంటినే గాని ఆ మతమునకు జీవమైన క్రీస్తును ఇంకను కనుగొనలేదని చెప్పెను.

పేరు పెరిగిన ఎనిమిది సంవత్సరములు

బాప్తిస్మము తరువాత ఎనిమిది సంవత్సరములు ఆమె జీవితము బయటికి ఎంతో ఫలభరితముగా కనబడెను. చెల్టెన్‌హాం మహిళా కళాశాలలో సంస్కృతము బోధించుచు తానును చదివెను. 1886లో అమెరికాకు వెళ్లి, ఫిలడెల్ఫియాలో తన బంధువైన ఆనందీబాయి జోషి వైద్య పట్టము పుచ్చుకొనుట కన్నులార చూచెను. 1887లో అగ్రకుల హిందూ స్త్రీల స్థితిని గూర్చి ఇంగ్లీషులో పుస్తకము ప్రచురించెను. ఆమె ప్రసంగములు విన్న అమెరికా ప్రజలు బోస్టనులో ఒక సంఘమును ఏర్పరచి, ఆమె పనికి పదేండ్ల సహాయము వాగ్దానము చేసిరి. స్వదేశమునకు వచ్చి 1889 మార్చి 11వ తేదీన బొంబాయిలో బాలవిధవల కొరకు శారదా సదనమును ప్రారంభించెను. మరుసటి సంవత్సరము అది పూనాకు మార్చబడెను.

ఇన్ని మేలుల నడుమ ఆమె అంతరంగము మాత్రము కలతతో నిండియుండెను. ఒక్క ఇంగ్లండు సంఘములోనే పలు పక్షములు, వెలుపల మరెన్నో శాఖలు. ప్రతివారును బైబిలునే ఆధారముగా చూపుచుండిరి. ఎవరి మాట నమ్మవలెను? సహోదరి జెరాల్డీన్‌తో ఆమె నడపిన ఉత్తర ప్రత్యుత్తరములలో త్రిత్వమును గూర్చియు క్రీస్తు దైవత్వమును గూర్చియు సందేహములు కనబడుచున్నవి. గురువులు చెప్పినంత మాత్రమున ఒక సిద్ధాంతమును ఒప్పుకొనుటకు ఆమె సమ్మతింపలేదు. ఆ సందేహములు ఆమె నిజాయితీకి గురుతులు. కాని అసలు వ్యాధి వాటికంటె లోతున నుండెను.

ఆమె యే తరువాత వివరించినట్లు, పాపమును గూర్చి పశ్చాత్తాపపడి దానిని విడిచిపెట్టుటకు తీర్మానించుకొనుటయే క్షమాపణకు చాలునని ఆమె తలంచుచుండెను. బాప్తిస్మ సంస్కారమే నూతన జన్మమునిచ్చుననియు, ఆ నీళ్లలో పాపములు కడుగబడెననియు నమ్ముచుండెను. ఇట్టి తలంపులు తాను బాల్యమున నేర్చిన తీర్థస్నానముల నమ్మకమునకు దగ్గరివేనని ఆమె గుర్తించుటకు కొంతకాలము పట్టెను. నది మారెను, మంత్రము మారెను. స్నానముపై ఆధారపడు మనస్సు మాత్రము మారలేదు. కర్మల స్థానములో సంస్కారములు చేరెను. రక్షకుని స్థానము ఖాళీగానే యుండెను.

ఒక చిన్న పుస్తకము

ఆ దినములలో విలియం హాస్లం అను ఇంగ్లండు సువార్తికుడు తన జీవితమును గూర్చి వ్రాసిన పుస్తకము ఆమె చేతికి వచ్చెను. ఈ హాస్లం కార్న్‌వాల్ ప్రాంతమున ఆంగ్లికన్ సంఘ కాపరిగా నుండెను. దేవాలయము కట్టించెను, ఆరాధన క్రమములను జాగ్రత్తగా పాటించెను, బోధించెను. అయితే ఆయన తోటమాలి మారుమనస్సు పొంది, తన యజమానుని కొరకు ప్రార్థింపసాగెను. ఆ పిమ్మట ఒక తోటి కాపరి, నీవు ఇంకను మారుమనస్సు పొందలేదని హాస్లంకు ముఖాముఖిగా చెప్పెను. 1851లో ఒక ఆదివారమున, క్రీస్తును గూర్చి మీకేమి తోచుచున్నదని ప్రభువు పరిసయ్యుల నడిగిన వాక్యముపై బోధించుచుండగా, హాస్లం తానే ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పవలసినవాడనని గ్రహించెను. ప్రసంగవేదిక మీదనే ఆయన హృదయము వెలిగెను. వినుచున్న జనులు దానిని గుర్తించి దేవుని స్తుతించిరి.

సంఘకాపరియే మారుమనస్సు లేనివాడై యుండగలడా? ఈ వృత్తాంతము రమాబాయిని కదల్చివేసెను. తాను ఎక్కడ నిలిచియున్నదో, తనకు నిజముగా కావలసిన దేమో ఆమె పరిశీలించుకొనెను. బైబిలు తీసి ప్రార్థనతో చదువనారంభించెను. బుద్ధికి అందని సంగతులు ఇంకను అనేకము లుండెను. అయితే ఒక్క సంగతి స్పష్టమాయెను: తనకు క్రీస్తు మతము కాదు, క్రీస్తే కావలెను.

ఆమె తన పాపమును ఇదివరకెన్నడును చూడనంత స్పష్టముగా చూచెను. తన విద్యయు, తన త్యాగమును, తన సదనమును ఆ పాపమును తీసివేయజాలవని తెలిసికొనెను. అదే సమయమున పరిశుద్ధాత్ముడు వాక్యము ద్వారా, రక్షణ ఎప్పుడో రాబోవు ఫలము కాదనియు, క్రీస్తు సిలువ మీద సంపూర్తి చేసిన కార్యముచేత విశ్వసించువారికి ఇప్పుడే ఇయ్యబడు వరమనియు ఆమెకు తెలియజేసెను. ఆమె దానిని అట్లే నమ్మి స్వీకరించెను. పాపభారము తొలగిపోయెను, తాను దేవుని బిడ్డనను నిశ్చయము కలిగెను. ఇది సుమారు 1891వ సంవత్సరమున జరిగినది. తిరుపతి అడవులలో తండ్రి ఆమెను ఏ దేవుని చేతికి అప్పగించెనో, ఆ దేవుని చేతిలో ఆమె ఇప్పుడు తన్నుతాను అప్పగించుకొనెను.

మార్పునకు వచ్చిన పరీక్ష

నిజమైన మార్పు ఎక్కువ కాలము పరీక్ష లేకుండ ఉండదు. శారదా సదనములో మత విషయమున ఎవరిని నిర్బంధింపరాదను నియమముండెను. రమాబాయి ఆ నియమమును పాటించెను. అయితే ఆమె తన గదిలో ప్రార్థించునప్పుడు తలుపు మూయలేదు. కొందరు బాలికలు తమంతట తామే వచ్చి కూర్చుండసాగిరి. ఆమె ముఖమందలి క్రొత్త సంతోషమునకు కారణమేమో వారు తెలిసికొనగోరిరి. ఈ వార్త పూనా నగరమంతయు వ్యాపించెను. సదనము యొక్క తటస్థత చెడిపోయెనని పత్రికలు తీవ్రముగా విమర్శించెను. స్త్రీవిద్యకు తోడ్పడిన మహానుభావులైన రానడేయు భండార్కరును 1893లో సలహా సంఘము నుండి తప్పుకొనిరి. అనేక బాలికలను వారి సంరక్షకులు తీసికొనిపోయిరి.

ప్రార్థన గది తలుపు మూసికొనినయెడల ఆమెకు ఈ నష్టము తప్పియుండెడిది. బాప్తిస్మము పొందిన తొలి యేండ్లలో మనుష్యుల మెప్పు ఆమెకు అండగా నుండెను. ఇప్పుడు ఆ అండ తొలగినను ఆమె చలింపలేదు. ఎవరి మీదను ద్వేషము పెంచుకొనలేదు, ఎవరిని బలవంతపెట్టలేదు, తన ప్రభువును దాచనును లేదు.

ముక్తి సదనము

1890 దశకమున లోణావ్లాలో జరుగుచుండిన క్రైస్తవ శిబిర కూటములలో రమాబాయి పాల్గొని ఆత్మీయముగా బలపడెను. 1896లో ఆమె పదునైదుగురు విశ్వాసులైన బాలికలతో ఆ కూటమునకు వెళ్లెను. ఒక వేకువ జామున ఆమె ఆ సంఖ్యను అంతటిచే హెచ్చవేసి, 225 మంది ఆత్మీయ కుమార్తెలను దయచేయుమని దేవుని వేడుకొనెను. మానవరీత్యా చూచినయెడల ఆమెకు వారిని పోషించుటకు ధనము గాని ఉంచుటకు స్థలము గాని లేదు.

ఆ సంవత్సరమే మధ్య పరగణాలలో ఘోరమైన కరవు సంభవించెను. తాను ఆకులు తిని బ్రతికిన దినములు రమాబాయికి జ్ఞాపకము వచ్చెను. ఆమె ఇంట కూర్చుండలేక పోయెను. కరవు ప్రాంతములకు వెళ్లి, ఎముకలు తేలిన బాలికలను, దుర్మార్గుల చేత చిక్కబోవుచుండిన యౌవన విధవలను చేరదీసి తీసికొని వచ్చెను. పూనా సమీపమున కేడ్‌గాం అను గ్రామములో పండ్లతోట కొరకు కొనిన భూమి వారికి ఆశ్రయమాయెను. మొదట గుడిసెలు, పిమ్మట కట్టడములు లేచెను. ఒక సంవత్సరములోపల సుమారు 300 మంది బాలికలు అచ్చట చేరిరి. ఆ స్థలమునకు ముక్తి అని పేరు పెట్టబడెను. 1900లో గుజరాతు ప్రాంతమున కరవు వచ్చినప్పుడు వేయి మందికి పైగా రక్షింపబడిరి. అప్పుడు ముక్తిలో దాదాపు 2,000 మంది ఉండిరి.

అచ్చట చదువు, నేత, వ్యవసాయము, వంట, ముద్రణ మొదలగు పనులన్నియు స్త్రీలకే నేర్పబడెను. అంధులైన స్త్రీలకు బ్రెయిలీ లిపి నేర్పబడెను. పతితులైన స్త్రీల కొరకు కృపా సదనము తెరవబడెను. ఫుల్హాంలో ఒక అతిథిగా చూచి ఆశ్చర్యపడిన కనికరము, ఇప్పుడు ఆమె స్వంత ప్రాంగణములోనే ప్రవహించుచుండెను.

ముక్తిలోను అదే ప్రశ్న

రమాబాయి ఇచ్చట మరియొక అపాయమును ఎరిగియుండెను. అన్నము పెట్టిన చేతి మతమును ఆకలిగొన్నవారు తేలికగా స్వీకరింతురు. అనేక బాలికలు బాప్తిస్మము పొందిరి, కీర్తనలు పాడిరి, వాక్యములు వల్లించిరి. వల్లించుట ఎంత సులభమో శ్లోకములు వల్లించి పెరిగిన రమాబాయికి బాగుగా తెలియును. తాను ఎనిమిదేండ్లు నిలిచిపోయిన గడప దగ్గర తన బిడ్డలు నిలిచిపోరాదు. కాబట్టి ఆమె ప్రార్థనను ఆశ్రయించెను.

1904లో వేల్సు దేశమున ఆరంభమైన ఉజ్జీవపు వార్త ముక్తికి చేరెను. 1905 జనవరిలో రమాబాయి ప్రతి దినము ప్రార్థించుటకు ముందుకు రండని పిలువగా 70 మంది వచ్చిరి. కొన్ని నెలలలో ఆ సంఖ్య 550కి పెరిగెను. జూను నెల కడపటి దినములలో, రమాబాయి యోహాను సువార్త 8వ అధ్యాయము బోధించుచుండగా, బాలికలు ఏడ్చుచు తమ పాపములను ఒప్పుకొని గట్టిగా ప్రార్థింపసాగిరి. పాఠములు నిలిచిపోయెను, దినముల తరబడి ప్రార్థన సాగెను. క్షమాపణ నిశ్చయము పొందినవారు ఆనందముతో నిండిరి. తరువాత వారు గుంపులుగా చుట్టుప్రక్కల గ్రామములకు వెళ్లి సువార్త ప్రకటించిరి.

కన్నీళ్లే మారుమనస్సు కాదు. కన్నీళ్లు ఆరిన తరువాత ఏమి మిగులునో అదే ముఖ్యము. ముక్తిలో మిగిలినది సేవ.

చివరి పని

రమాబాయి తన చివరి దశలో ఎత్తుకొనిన పని బైబిలు అనువాదము. అప్పటి మరాఠీ బైబిలు భాష చదువురాని గ్రామ స్త్రీలకు కష్టముగా నున్నదని ఆమెకు తోచెను. కలకత్తాలో తన చేతికి వచ్చిన సంస్కృత బైబిలును తానే ప్రక్కన పెట్టిన దినమును గుర్తుచేసికొనదగును. వాక్యము అర్థము కాని భాషలో నున్నయెడల హృదయమునకు చేరదు. మహా పండితురాలైన ఈమె హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొని, తన పాండిత్యమును చూపుటకు గాక దానిని మరుగుపరచుటకు శ్రమించెను. పామర స్త్రీకి తెలియు మాటలలో బైబిలునంతటిని మరాఠీలోనికి తెచ్చెను. ముక్తి స్త్రీలే అక్షరములు కూర్చి ముద్రించిరి.

1921 జూలైలో ఏకైక కుమార్తెయు కుడిభుజమునైన మనోరమ మరణించెను. తల్లి ఆ దుఃఖమును భరించుచు పనిని కొనసాగించెను. అనువాదము ముగించి, 1922 ఏప్రిల్ 5వ తేదీన రమాబాయి తన ప్రభువు సన్నిధికి చేరెను. ఆమె వయస్సు అప్పటికి అరువది నాలుగు నిండలేదు. 1989లో భారత ప్రభుత్వము ఆమె జ్ఞాపకార్థము తపాలా బిళ్ల విడుదల చేసెను. కేడ్‌గాంలో ముక్తి మిషను నేటికిని అనాథలకును నిరాశ్రయులైన స్త్రీలకును ఆశ్రయముగా నున్నది.

మన హృదయ పరిశీలన

ప్రియ చదువరీ, ఈ జీవితము మనలను ఏమని అడుగుచున్నది? రమాబాయి బాప్తిస్మమును తృణీకరింపలేదు. అది ప్రభువు నియమించిన సాక్ష్యము. కాని సాక్ష్యము నిజమగుటకు దాని వెనుక సంగతి యుండవలెను గదా. మనలో అనేకులము క్రైస్తవ కుటుంబములలో జన్మించితిమి. తాతముత్తాతలు సంఘములో చేరిరి. మన పేర్లు బైబిలు పేర్లు. మన వివాహములు దేవాలయములో జరిగినవి. పండుగలకు క్రొత్త బట్టలు ధరించి మొదటి వరుసలో కూర్చుండుచున్నాము. ఇవన్నియు ఉండి, ప్రభువు లేకయుండుట సాధ్యమేనని ఈ పండితురాలి ఎనిమిదేండ్ల చరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది.

పైపై మార్పునకు కొన్ని గురుతులు కలవు. అది పాతదానిని విమర్శించుటయందు చురుకుగా నుండును, తన పాపమును ఒప్పుకొనుటయందు మందముగా నుండును. అది ఆచారమునకు బదులు ఆచారమును పెట్టుకొని తృప్తిపడును. అది సేవను చూపి సమాధానము లేమిని కప్పుకొనును. మనుష్యులు మెచ్చినంతకాలము నిలుచును. నష్టము వచ్చినప్పుడు తలుపు మూసికొనును. నిజమైన మారుమనస్సు తన చేతులు ఖాళీవని ఎరిగి క్రీస్తు సిలువను ఆశ్రయించును. క్షమాపణను వరముగా పుచ్చుకొనును. ఆ పిమ్మట నష్టమును సహించును, ఆకలిగొన్నవారిని వెదకి వెళ్లును, తాను పొందినది ఇతరులును పొందువరకు విశ్రమింపదు. తన నామమున అద్భుతములు చేసితిమని చెప్పుకొనువారిలో అనేకులను ప్రభువు ఎరుగనని చెప్పునని మత్తయి సువార్త 7వ అధ్యాయము మనలను హెచ్చరించుచున్నది.

అందరికిని మారుమనస్సు ఒకే విధముగా కలుగదు. కొందరికి దినమును గడియయు తెలియును; కొందరికి తెల్లవారునట్లు మెల్లమెల్లగా వెలుగు వచ్చును. సూర్యుడు ఏ నిమిషమున ఉదయించెనో చెప్పలేకపోవచ్చును; ఉదయించెనో లేదో మాత్రము చెప్పగలము. అదే ఇప్పుడు మన యెదుట నున్న ప్రశ్న. నీ సంఘ సభ్యత్వము ఎన్ని తరములదో అది అడుగదు. నీవు ప్రభువు కొరకు ఎంత చేసితివో అడుగదు. నీవు ఆయనను ఎరుగుదువా అని మాత్రమే అడుగును.

ఒకవేళ నీ ఉత్తరము తడబడినయెడల నిరాశపడకుము. ఎనిమిదేండ్ల పిమ్మట ఒక పండితురాలు తన కొరతను ఒప్పుకొనినప్పుడు ప్రభువు ఆమెను గద్దింపలేదు, చేర్చుకొనెను. ఇంతకాలము క్రైస్తవునిగా పిలువబడిన పిమ్మట ఇప్పుడు ఒప్పుకొనుట సిగ్గుగా తోచవచ్చును. సిగ్గుపడి దూరముగా నిలిచియుండుటకంటె, సిగ్గుతోనైనను ఆయన పాదముల యొద్దకు వచ్చుట మేలు. యాకోబు బావి యొద్ద సమరయ స్త్రీ కొరకు వేచియుండిన ప్రభువు, తన యొద్దకు వచ్చువారిని నేడును త్రోసివేయడు.